సోనార్‌క్యూబ్ ఉచిత వెర్షన్: కొత్త కోడ్‌కి కాపలా పెట్టండి, పాత అప్పు అంకె జోలికి పోకండి

జావా, పైథాన్, జావాస్క్రిప్ట్ లాంటివి రాసే చిన్న, మధ్య స్థాయి టీములు సోనార్‌క్యూబ్ (కోడ్‌లో తప్పులు వెతికే పనిముట్టు) ఉచిత వెర్షన్ అయిన కమ్యూనిటీ బిల్డ్ పెట్టుకోవచ్చా అని ఎవరు అడిగినా పెట్టుకోమనే చెప్తాను. డబ్బు కట్టక్కర్లేదు, మన సర్వర్ మీదే నడుస్తుంది, కోడ్ బయటికి పోదు, రివ్యూలో మనుషుల కళ్ళు దాటిపోయే తప్పుల్ని నిజంగానే పట్టుకుంటుంది. కానీ మొదటిసారి స్కాన్ చేయగానే కనిపించే ఆ వేల ఇష్యూల (అది చూపించే లోపాల) అంకె చూసి హడలిపోయి, దాన్ని సున్నా చేసేదాకా నిద్రపోమని టీమ్‌ని కూర్చోబెడితే మాత్రం లాభం కన్నా నష్టమే ఎక్కువ జరుగుతుంది. ఈ రివ్యూ అంతా ఆ రెండు మాటల గురించే.

తెలియని వాళ్ళ కోసం క్లుప్తంగా. సోనార్‌క్యూబ్ చేసేది స్టాటిక్ అనాలిసిస్, అంటే ప్రోగ్రామ్‌ని నడపకుండా కేవలం కోడ్ చదివి లోపాలు చెప్పడం. 1978లోనే బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సీ భాష కోసం లింట్ అనే ఇలాంటి పనిముట్టు తయారుచేశారు, అప్పటి నుంచి ప్రతి భాషకీ ఇలాంటివి వస్తూనే ఉన్నాయి. సోనార్‌క్యూబ్ చేసే సోనార్‌సోర్స్ కంపెనీ 2008లో స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో మొదలైంది. దీని పద్ధతి ఏంటంటే, బిల్డ్ అయ్యాక ఒక స్కానర్ కోడ్ అంతా చదివి రిపోర్ట్‌ని సర్వర్‌కి పంపుతుంది, సర్వర్ దాన్ని డేటాబేస్‌లో దాచి బ్రౌజర్‌లో చూపిస్తుంది. ఏ లైన్‌లో ఏం తప్పు, ఎందుకు తప్పు, ఎలా రాయాలి అన్నది పక్కనే ఉదాహరణ కోడ్‌తో సహా వస్తుంది. ఈ వివరణలు చాలా బాగా రాస్తారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకి సీనియర్లు ఓపిగ్గా కూర్చుని చెప్పలేని సంగతులు వీటిల్లో ఉంటాయి, అందుకే ఇది నాకు బాగా నచ్చింది.

ఇన్‌స్టాలేషన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. డాకర్ (ప్రోగ్రామ్‌ని కావాల్సినవన్నీ కలిపి కంటైనర్‌లో నడిపే పనిముట్టు) ఉంటే ఒక్క కమాండ్, 9000 పోర్ట్ మీద లేస్తుంది, యూజర్ పేరు, పాస్‌వర్డ్ రెండూ అడ్మిన్ అని కొట్టి లోపలికి వెళ్తే వెంటనే పాస్‌వర్డ్ మార్చమంటుంది. అయితే దాంతోపాటు వచ్చే హెచ్2 డేటాబేస్ చూసి మురిసిపోయి దాని మీదే ఉండిపోకండి, అది ట్రయల్ కోసం మాత్రమే, వెర్షన్ అప్‌గ్రేడ్ చేయడానికి పనికిరాదు. మొదటి రోజే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పెట్టుకోండి. లోపల ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ ఇంజిన్ నడుస్తుంది కాబట్టి లైనక్స్‌లో మెమరీ మ్యాప్ కౌంట్ (vm.max_map_count) పరిమితి పెంచాలి, అది పెంచకపోతే సర్వర్ లేచినట్టే లేచి పడిపోతుంది, లాగ్ తీసి చూస్తేగానీ కారణం తెలీదు. డాకర్ లేకుండా నేరుగా పెట్టేవాళ్ళు రూట్ యూజర్‌తో నడపాలని చూడకండి, ఎలాస్టిక్‌సెర్చ్ ఒప్పుకోదు.

చాలామంది ఆగిపోయే చోట్లు ఇంకో రెండున్నాయి. జావా కోడ్‌కి సోర్స్ ఒక్కటే ఇస్తే చాలదు, కంపైల్ అయిన క్లాస్ ఫైళ్ళు కూడా కావాలి, అందుకే బిల్డ్ తర్వాతే స్కాన్ పెట్టాలి. ఇక కవరేజ్ (టెస్టులు నడిపిన కోడ్ శాతం) సున్నా అని చూపిస్తోంది, టెస్టులన్నీ ఉన్నాయి కదా అని కంగారు పడేవాళ్ళు ప్రతి టీమ్‌లో ఉంటారు. సోనార్ టెస్టుల్ని తను నడపదు. జాకోకో లాంటి కవరేజ్ కొలిచే పనిముట్టు ముందే నడిచి ఎక్స్‌ఎంఎల్ రిపోర్ట్ రాసి పెడితే దాన్ని చదువుకుంటుంది, అంతే. లోంబాక్ (జావాలో గెటర్లు, సెటర్లు తనే రాసిపెట్టే లైబ్రరీ) వాడేవాళ్ళు దాని కాన్ఫిగ్ ఫైల్‌లో జనరేటెడ్ అన్న గుర్తు వేయించండి, లేకపోతే ఎవరూ చేత్తో రాయని గెటర్లు, సెటర్లు కూడా కవరేజ్ లెక్కలోకి వచ్చి శాతం పడిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, ఇది ఏం పట్టుకుంటుంది అని.

మా రిపోలో ఒక లైన్ ఉండేది. ఆర్డర్ మీద ఉన్న కస్టమర్ ఐడీ, లాగిన్ అయిన కస్టమర్ ఐడీ ఒకటేనా అని చూసే చెక్. రెండూ ఇంటిజర్ ఆబ్జెక్టులు, మధ్యలో రెండు ఈక్వల్ గుర్తులు. చూడ్డానికి ఏ దోషం లేదు, యూనిట్ టెస్టులు పాస్, రివ్యూ చేసినవాళ్ళూ సరే అన్నారు. సోనార్ మాత్రం దాన్ని బగ్ అని ఎర్రగా చూపించింది. ఎందుకంటే ఆబ్జెక్టుల మధ్య ఆ గుర్తులు పెడితే జావా అంకెల్ని కాదు, రెండూ ఒకే ఆబ్జెక్టా అన్నదే చూస్తుంది. -128 నుంచి 127 వరకు ఇంటిజర్ ఆబ్జెక్టుల్ని ముందే చేసి దాచుకుంటారు, ఆ పరిధిలో ఏ రెండు సమాన అంకెలు తీసుకున్నా అదే ఆబ్జెక్ట్ చేతికొస్తుంది కాబట్టి ఆ పోలిక పనిచేస్తుంది. 128 నుంచి మామూలుగా విడివిడి ఆబ్జెక్టులు వస్తాయి, అంకె ఒకటే అయినా పోలిక తప్పు అని తేలుతుంది. టెస్ట్ డేటాలో ఐడీలు ఎప్పుడూ ఒకటి, రెండు, మూడే కదా! టెస్టులు ఎన్నిసార్లు నడిపినా పాస్ అవుతూనే ఉంటాయి, ప్రొడక్షన్‌లో మాత్రం అసలు కస్టమర్‌కి తన ఆర్డర్ తనకే కనపడదు. టీమ్‌లో ఒక కుర్రాడు "అన్నా, లోకల్‌లో బాగానే పనిచేస్తోంది కదా, ఇదెందుకు గోల పెడుతోంది?" అని అడిగాడు. 127, 128 రెండూ పెట్టి నడిపి చూపిస్తే నోరు తెరిచాడు. ఈ ఒక్క రూల్ కోసమైనా దీన్ని పెట్టుకోవచ్చని నాకు ఆ రోజు అనిపించింది, ఇప్పటికీ అదే అనిపిస్తుంది.

ఇలాంటిదే ఇంకోటి డేటాబేస్ కనెక్షన్ మూయకపోవడం. కనెక్షన్ తెరిచి, క్వెరీ నడిపి, చివర్లో క్లోజ్ అని రాస్తారు. మధ్యలో ఎక్సెప్షన్ వస్తే ఆ క్లోజ్ దాకా నడక రాదు. జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్‌లో మామూలుగా వచ్చే హికారీ పూల్‌లో (తెరిచిన కనెక్షన్ల నిల్వలో) సెట్టింగ్ ఏమీ మార్చకపోతే ఉండేవి పది కనెక్షన్లే. అలా పది సార్లు లీక్ అయితే పదకొండో రిక్వెస్ట్ 30 సెకన్లు ఎదురుచూసి టైమవుట్ అవుతుంది, ఆపైన డేటాబేస్ అడిగే ప్రతి రిక్వెస్టూ అంతే. ఎక్సెప్షన్ రోజుకోసారి వచ్చేదైతే దాదాపు పది రోజులు బాగా నడిచి ఆగిపోతుంది, రీస్టార్ట్ చేస్తే మళ్ళీ బాగుంటుంది, కాబట్టి అందరూ నెట్‌వర్క్ మీద, డీబీఏ మీద పడతారు. ఏదో ఒక దారిలో క్లోజ్ దాటిపోయే కనెక్షన్‌ని సోనార్ కోడ్ చదివే పట్టుకుంటుంది. డబ్బు లెక్కలు రాసేవాళ్ళకి ఇంకో రూల్ బాగా పనికొస్తుంది, బిగ్‌డెసిమల్‌కి (ఖచ్చితమైన దశాంశాల రకానికి) డబుల్ (ఉజ్జాయింపు దశాంశాల రకం) ఇవ్వొద్దని. 0.1 అని ఇస్తే లోపల 0.1000000000000000055 అంటూ తోక పడుతుంది, ఆ తోకలు కలిసి నెలాఖరు లెక్కల్లో పైసలు తేలవు.

ఇవన్నీ చూశాక మనకి సహజంగా వచ్చే ఆలోచన, అయితే ఉన్న ఇష్యూలన్నీ సరిచేసేద్దాం అని. ఇక్కడే జాగ్రత్త పడాలి.

పదేళ్ళ పాత రిపో మీద మొదటి స్కాన్ చేస్తే వేలల్లో వస్తాయి. అందులో ఎక్కువ భాగం వాడని ఇంపోర్టులు, పేరు పెట్టే పద్ధతులు, ఒకే స్ట్రింగ్ మూడు చోట్ల రాయడం, మర్చిపోయిన టూడూ కామెంట్లు. పైన టెక్నికల్ డెట్ అని ఇన్ని రోజుల పని అంటూ ఒక లెక్క ఉంటుంది. టెక్నికల్ డెట్ అన్న ఆలోచన 1992లో వార్డ్ కన్నింగ్‌హామ్ చెప్పారు, ఆ ఆలోచన గొప్పదే. సోనార్ చేసే లెక్క మాత్రం వేరు. ప్రతి రూల్‌కీ ఇన్ని నిమిషాలని ముందే రాసి పెట్టుకుంటుంది, ఇష్యూలన్నిటివీ కూడుతుంది, ఎనిమిది గంటలు ఒక రోజు అని భాగిస్తుంది. కోడ్ రాయడానికి లైన్‌కి 30 నిమిషాలు పట్టిందనుకుని దాంతో పోల్చి, 5 శాతం లోపు ఉంటే A, 50 శాతం దాటితే E అని గ్రేడ్ ఇస్తుంది. మీ ప్రాజెక్ట్‌లో ఏ ఫైల్ ఎవరు ముట్టుకుంటారో, ఏది ఐదేళ్ళుగా కదలకుండా పనిచేస్తోందో ఆ లెక్కకి తెలీదు. వాడని వేరియబుల్ తీసేయడమూ, పేమెంట్ మాడ్యూల్‌లో చిక్కుపడ్డ పెద్ద ఫంక్షన్‌ని విడగొట్టడమూ దానికి నిమిషాల్లో తేడా మాత్రమే.

నేను చూసిన ఒక ప్రాజెక్ట్‌లో, పేరు వద్దు, క్లయింట్ ఆ డాష్‌బోర్డ్ చూసి రిలీజ్ లోపల సున్నా ఇష్యూలు ఉండాలని పట్టుపట్టాడు. మేనేజర్ గారు సరే అన్నారు. ఇంకేముంది, ఫీచర్ పని ఆపి అందరూ ఇష్యూలు కొట్టడం మొదలుపెట్టారు. ఎవరికీ అర్థం కాని పాత రిపోర్టింగ్ కోడ్‌లో నెస్టెడ్ ఇఫ్‌లని విడగొట్టేసరికి షరతుల క్రమం మారి రిపోర్టులు తప్పొచ్చాయి. కవరేజ్ పెంచాలని అసర్ట్ ఒక్కటీ లేని టెస్టులు రాశారు, అవి కోడ్‌ని నడిపి ఊరుకుంటాయి, ఏదీ తనిఖీ చేయవు (అసర్ట్ లేని టెస్టుల్ని పట్టే రూల్ కూడా సోనార్‌లోనే ఉంది, దాన్ని ఆపేశారు). చివరికి మిగిలినవాటికి లైన్ చివర నోసోనార్ అని కామెంట్ కొట్టారు. ఆ కామెంట్ పెడితే ఆ లైన్ మీద రేపు వచ్చే అసలు బగ్గు కూడా బయటికి రాదు. డాష్‌బోర్డ్ పచ్చగా అయ్యింది, కోడ్ మాత్రం ముందుకన్నా దిగజారింది. ఆ టీమ్ అంత కష్టపడి పాడుచేసుకుందే అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

దీనికి మందు సోనార్‌లోనే ఉంది, అదే కొత్త కోడ్ అన్న విభాగం. ఫలానా వెర్షన్ నుంచి లేదా ఇన్ని రోజుల లోపల మారిన లైన్లే కొత్త కోడ్ అని చెప్తే, క్వాలిటీ గేట్ (కోడ్ పాసా ఫెయిలా అని తేల్చే షరతులు) దాన్నే చూస్తుంది. వాళ్ళు ముందే ఇచ్చే గేట్‌లో షరతులు ఇవి: కొత్త ఇష్యూలు సున్నా, కొత్త లైన్లలో టెస్ట్ కవరేజ్ 80 శాతానికి తగ్గకూడదు, రిపీట్ అయిన కోడ్ 3 శాతం దాటకూడదు, సెక్యూరిటీ హాట్‌స్పాట్‌లు (భద్రత కోసం మనిషి చూడాల్సిన చోట్లు) అన్నీ ఎవరో ఒకరు చూసి తేల్చాలి. కొత్త లైన్లు 20 లోపే ఉంటే కవరేజ్, రిపీట్ షరతులు వదిలేస్తుంది, ఇది చాలా మంచి పని, లేకపోతే రెండు లైన్ల ఫిక్స్‌కి కూడా బిల్డ్ ఆగిపోయేది. పాత కోడ్ పాపం పాతదే. రేపు ఎవరో ఒక ఫీచర్ కోసం ఆ ఫైల్ తెరుస్తారు, ముట్టుకున్న లైన్లు బాగవుతాయి, టెస్టు కూడా వస్తుంది. కాలువ మురుగు ఆపకుండా చెరువు తోడుకుంటూ కూర్చుంటే ఎప్పటికి తెములుతుంది? మురుగు ఆపండి చాలు.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఏ లైన్ కొత్తదో తెలియాలంటే సోనార్‌కి గిట్ చరిత్ర మొత్తం కావాలి. చాలా సీఐ (కోడ్ మారినప్పుడల్లా బిల్డ్, టెస్టులు తనే నడిపే వ్యవస్థ) సెటప్‌లు వేగం కోసం చివరి కమిట్ ఒక్కటే లాగుతాయి, అప్పుడు ఏ లైన్ కొత్తదో సరిగ్గా తేలక గేట్ ఫలితం తప్పుగా రావచ్చు. పూర్తి చరిత్ర లాగమని సెట్ చేసుకోండి. అలాగే స్కానర్‌కి గేట్ ఫలితం కోసం ఆగమని చెప్పే సెట్టింగ్ ఒకటుంది, అది పెట్టకపోతే గేట్ ఫెయిలైనా పైప్‌లైన్ పచ్చగానే పోతుంది.

అనవసరపు అరుపుల గురించి. ఏ స్టాటిక్ అనాలిసిస్ పనిముట్టైనా కొన్ని తప్పుడు హెచ్చరికలు ఇస్తుంది, కొన్ని అసలు తప్పులు వదిలేస్తుంది, ఇది కంప్యూటర్ సైన్స్ విధించిన హద్దే. ప్రోగ్రామ్ ఏం చేస్తుందన్నది ప్రతి ప్రోగ్రామ్‌కీ తప్పు లేకుండా తేల్చిచెప్పే పద్ధతి ఉండదని హెన్రీ రైస్ 1953లోనే నిరూపించారు. కాబట్టి హెచ్చరిక తప్పనిపిస్తే ఫాల్స్ పాజిటివ్ అని, సరైనదే కానీ ఇప్పుడు సరిచేయం అనుకుంటే యాక్సెప్ట్ అని మార్క్ చేసి కారణం ఒక వాక్యం రాయండి. నోసోనార్ కన్నా ఇదే మేలు, ఎవరు ఎందుకు వదిలేశారో రికార్డు ఉంటుంది. మీ టీమ్‌కి సరిపడని రూల్ ఉంటే క్వాలిటీ ప్రొఫైల్ (ఆన్ చేసిన రూల్స్ జాబితా) కాపీ చేసుకుని అందులో ఆపేయండి, దానికి మొహమాటం అక్కర్లేదు. నేనైతే స్ట్రింగ్ రిపీట్ రూల్‌ని టెస్ట్ కోడ్‌లో మొదటి రోజే ఆపేస్తాను, టెస్టు చదవడానికి తేలికగా ఉండటమే ముఖ్యం.

కాగ్నిటివ్ కాంప్లెక్సిటీ (ఫంక్షన్ చదివి అర్థం చేసుకోవడం ఎంత కష్టమో కొలిచే) రూల్‌ని మాత్రం ఎవరేమన్నా ఉంచండి. 1976లో మెక్‌కేబ్ చెప్పిన సైక్లోమాటిక్ లెక్క ఒక ఫంక్షన్‌లో ఎన్ని దారులున్నాయో చెప్తుంది. ఇరవై కేసులున్న సాదా స్విచ్‌కీ, ఒకదాంట్లో ఒకటి దూరిన లూపులు, ఇఫ్‌లకీ అక్కడ పెద్ద తేడా కనపడదు. సోనార్‌సోర్స్‌లో ఆన్ క్యాంప్‌బెల్ రూపొందించిన ఈ కొత్త లెక్కలో స్విచ్ మొత్తానికి ఒకటే, లోపలికి దూరే కొద్దీ భారం పెరుగుతుంది. చదివేవాడికి ఎంత కష్టం అన్నదానికి ఇది చాలా దగ్గరగా ఉంటుంది. ఫంక్షన్‌కి 15 దాటితే హెచ్చరిస్తుంది. రివ్యూలో "ఈ ఫంక్షన్ అర్థం కావట్లేదు" అని ఒక సీనియర్ గారితో అనడానికి జూనియర్‌కి నోరు రాదు, 27 అన్న అంకె చూపించి అడగడం తేలిక.

ఇది పట్టలేనివి కూడా తెలుసుకోవాలి. ముందు తేడా తెలియడానికి అనలైజర్లు పట్టగలిగే తప్పు ఒకటి. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ వాళ్ళు హడావుడిగా ఒక అప్‌డేట్ ఇచ్చారు గుర్తుందా? సురక్షిత కనెక్షన్‌లో సర్వర్ పంపే సంతకాన్ని చూసే ఫంక్షన్‌లో గోటూ ఫెయిల్ అన్న లైన్ రెండుసార్లు పడింది, రెండోది ఏ షరతూ లేకుండా ఎప్పుడూ నడిచేది, దాని కిందున్న అసలు తనిఖీ దాకా కోడ్ వెళ్ళేదే కాదు. కింద కోడ్ ఎప్పటికీ నడవదు అని ఏ మంచి అనలైజరైనా చెప్పేది, ఆ హెచ్చరిక ఆన్ చేసి ఉంటే. అదే ఏడాది ఏప్రిల్‌లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ లోపం వేరు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో అవతలివాడు చెప్పిన పొడవుని నమ్మి అంత మెమరీ పంపించేయడం, అది 2012 నుంచి ఉంది, అప్పటి అనలైజర్లకి అందలేదు. ఆ పొడవు నమ్మదగినది కాదన్న సంగతి వాటికి కనపడలేదు. ఇక మన బిజినెస్ రూల్స్ అయితే చెప్పనే అక్కర్లేదు. 18 శాతం జీఎస్టీ వేయాల్సిన చోట 12 అని రాస్తే సోనార్ పచ్చజెండా ఊపుతుంది, అది చూడాల్సింది మనిషి, పట్టాల్సింది టెస్టు.

ఉచిత వెర్షన్‌లో లేనివాటిలో నాకు లోటుగా అనిపించేవి రెండు. ఒకటి, బ్రాంచ్‌లనీ పుల్ రిక్వెస్ట్‌లనీ (మెయిన్‌లో కలపమని పంపే మార్పుల్ని) విడిగా చూడదు, మెయిన్ బ్రాంచ్ ఒక్కటే. అంటే తప్పు మెర్జ్ అయ్యాకే తెలుస్తుంది. బయటివాళ్ళు రాసిన ప్లగిన్ ఒకటి ఈ లోటు తీరుస్తుంది గానీ దానికి కంపెనీ సపోర్ట్ ఉండదు, ప్రతి అప్‌గ్రేడ్‌కీ టెన్షనే. దానికన్నా అందరి ఎడిటర్లలో సోనార్ ప్లగిన్ వేసుకుని సర్వర్‌కి కనెక్ట్ చేస్తే అవే రూల్స్ టైప్ చేస్తుండగానే కనపడతాయి, సగం సమస్య అక్కడే తీరిపోతుంది. మునుపు సోనార్‌లింట్ అనేవారు, అదే ఇది, ఇంటెల్లిజే, వీఎస్ కోడ్, ఎక్లిప్స్ అన్నిటికీ ఉచితమే.

రెండోది దీనికన్నా పెద్దది. బ్రౌజర్ నుంచి వచ్చిన విలువ నాలుగు ఫంక్షన్లు దాటి వెళ్ళి ఎస్‌క్యూఎల్ క్వెరీలో కలవడాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా వెంబడించి పట్టుకునే టెయింట్ అనాలిసిస్ డబ్బు కట్టే డెవలపర్ ఎడిషన్ నుంచే మొదలవుతుంది. సెక్యూరిటీ గ్రేడ్ A అని చూసి మా యాప్ భద్రం అని ఎవరికైనా రాసిచ్చే ముందు ఈ మాట గుర్తుంచుకోండి. జావా టీములైతే స్పాట్‌బగ్స్ అనే అనలైజర్ మీద ఫైండ్ సెక్యూరిటీ బగ్స్ ప్లగిన్ పక్కన నడుపుకుంటే ఉచితంగానే కొంత భర్తీ అవుతుంది.

సీ, సీప్లస్‌ప్లస్, స్విఫ్ట్, పీఎల్ ఎస్‌క్యూఎల్ ఉన్నవాళ్ళకి కమ్యూనిటీ బిల్డ్ పనికిరాదు, అవి డెవలపర్ ఎడిషన్‌లో, కోబాల్ అయితే ఇంకా పైన ఎంటర్‌ప్రైజ్‌లో. ధర మనుషుల్ని బట్టి కాదు, కోడ్ లైన్లని బట్టి ఉంటుంది, కాబట్టి కొటేషన్ అడిగే ముందు జనరేట్ అయిన కోడ్‌ని, రిపోలో పడేసిన మూడో పార్టీ లైబ్రరీల్ని స్కాన్ నుంచి తీసేయండి, వాటికి కూడా ఎందుకు కట్టడం. ఉన్నది ఒక్క పైథాన్ సర్వీసే అయితే సర్వర్ పెట్టే శ్రమ కూడా వద్దు, రఫ్ అనే పైథాన్ లింటర్ చాలు, రస్ట్‌లో రాశారు, కమిట్ కొట్టేలోపే రిపో మొత్తం చూసేస్తుంది. మూడు నాలుగు భాషలు, పది పదిహేను రిపోలు, చేతులు మారే టీమ్ ఉన్నప్పుడే సోనార్ సర్వర్ పెట్టిన శ్రమకి ఫలితం కనిపిస్తుంది. అప్పుడు కూడా డాష్‌బోర్డ్ లింక్‌ని పై వాళ్ళకి పంపేటప్పుడు కొత్త కోడ్ పేజీ లింకే పంపండి, మొత్తం కోడ్ పేజీది కాదు.